పిందెకు వేలు చూపొద్దంటరు

మా అత్తమ్మకు పది వేళ్లున్నయి. దేన్నయినా చూపెట్టాలంటే ఒక్కటి వాడదు.

గడ్డంతో చూపెడ్తది.

ఉప్పు డబ్బాకు గడ్డం. మోగుతున్న ఫోనుకు గడ్డం. ఇంటికొచ్చిన చుట్టాల్లో ఎవరి ముచ్చట తర్వాత మాట్లాడుకోవాలో దానికీ గడ్డమే — వాళ్లు ఎదురుగా చాయ్ తాగుతుండంగనే. పద్నాలుగేండ్లుగా ఆ గడ్డం వెంట నా కండ్లు తిరుగుతున్నయి. కొత్తలో ఒకసారి గోడ దిక్కు గడ్డం ఎత్తితే, పెనం తెమ్మన్నదని తెలవక, పెనం పైనున్న మామయ్య పటం దించుకొచ్చి చేతుల్లో పెట్టిన.

ఇంతకూ సంగతేందంటే... పిందెకు వేలు చూపొద్దు.

వేలు పడితే పిందె కుళ్లుతది. అది ఆమె చదువు.

చిన్నప్పుడు ముథోల్ దిక్కు తల్లిగారింట్లో ఒక దోసపిందెను చూపెట్టిందట. మూడోనాటికి రాలిందట. వాళ్ల బాపమ్మ ఐదు వేళ్లూ వరుసగా కొరికించిందట. అప్పటినుంచి ఏ వేలు పోయి ఏ పిందెకు తగుల్తదోనని, అసలు వేలు లేపుడే బంద్.

నేను నవ్వుకునేదాన్ని.

లోపల్లోపలే. బయటికి నవ్వితే గడ్డం నా దిక్కు తిరుగుతది.

భైంసాలో మా ఇంటి వెనక జానెడు పెరడు. నల్లరేగడి. వానకు జిగురు, ఎండకు నెర్రె. మిరుగం కార్తె తొలి చినుకు పడ్డనాడు పిల్లలను వెంటబెట్టుకొని దిగిన. కాళ్లు బయటికొచ్చినయి గాని చెప్పులు మట్టిలోనే ఉండిపోయినయి.

రుచితకు ఎనిమిదేండ్లు. ప్రణయ్‌కు ఐదు.

అక్కకొక మడి. తమ్మునికొక మడి. కొట్లాట వద్దని నడుమ ఇటుకల సరిహద్దు పెట్టిన. పొద్దుగూకేసరికి సరిహద్దు అక్క దిక్కు జానెడు జరిగింది. ఎవరు జరిపిన్రో ఇటుకలు చెప్పలే.

ప్రణయ్ ధనియాలు చల్లిండు. మర్నాడు తవ్వి చూసిండు. దాని మర్నాడూ తవ్వి చూసిండు.

"అమ్మా, ఇవి లేస్తలేవు."

రోజూ దుప్పటి గుంజి చూస్తే ఎవరు మాత్రం సక్కగ నిద్రపోతరు, ఎవరు లేస్తరు...

రుచిత గుమ్మడి గింజ పెట్టింది. ఒక్కటే.

చూపుడు వేలుతో గుంత చేసింది. గింజను పక్కకు పండబెట్టింది. మట్టి కప్పింది. చెంబుతో పోయకుండ, అరచేతిలో నీళ్లు పట్టుకొని, వేళ్ల సందుల నుంచి కొంచెం కొంచెం వదిలింది. ఆరు రోజులు ముట్టలేదు. దగ్గర కూర్చొని ముచ్చట మాత్రం చెప్పింది. బడి ముచ్చట. దోస్తుల ముచ్చట. మా ఇంటి ముచ్చట కూడా చెప్పినట్టుంది — నేను దగ్గరికి పోంగనే గొంతు తగ్గింది.

ఆ ఓపిక ఎవరి నుంచి వచ్చిందో తెల్వదు. నా నుంచి కాదు.

ఏడోనాడు మట్టి పగిలింది.

గింజ పొట్టును టోపీ తీరు నెత్తిన పెట్టుకొని, రెండాకులు.

ఆకు మీద ఆకు. ఆకు మీద నూగు. నూగు మీద నీళ్ల బొట్టు. తీగ ఇటుకలు దాటింది. తమ్ముని కొత్తిమీర దాటింది. బట్టల దండెం ఎక్కి మా ఆయన లుంగీ కొస పట్టుకున్నది. మా ఆయన శరత్‌చంద్రకు బజారులో విత్తనాలు, పురుగుమందుల దుకాణం ఉన్నది. లుంగీ కోసమని వచ్చి తీగను కిందికీ మీదికీ చూసిండు.

"ఏం మందు కొట్టిన్రే దీనికి?"

"మీ బిడ్డ కొట్టింది. ముచ్చట్లు."

ఆ సరుకు తన దుకాణంలో లేదు. లుంగీ విడిపించుకొని పోయిండు.

శ్రావణం వచ్చేసరికి పూలు.

తెల్లారకముందే విచ్చుకునే పసుపు. ఎండ ముదిరేసరికి ముడుచుకునే పసుపు.

రెండు తీర్ల పూలు. సన్నని పొడుగు కాడ మీద ఉత్త పువ్వు ఒక తీరు. పువ్వు కింద గోలీ అంత పిందె ఉన్నది ఇంకో తీరు. పిందె ఉన్నదాన్ని ఏ ఆడిదీ తెంపదు — పాపం. ఉత్త పువ్వును దేవునికి తెంపుతరు. శ్రావణంలో పూజకు, ఆ తర్వాత బొడ్డెమ్మకు, బతుకమ్మకు. మా దిక్కు ఎవరి పెరట్లో చూసినా అదే పద్ధతి.

అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. పెరటి మెట్లు దిగదు. దేవుని గూటికి పళ్లెం నిండుగ పసుపు పూలు మాత్రం రోజూ కావాలె.

తెంపేది నేను.

సూర్యుడు లేవకముందే. ఒక్కటి విడువకుండ.

ఉత్త పూలే కదా.

మొదటి పిందెను రుచితే చూసింది.

"అమ్మా! గుమ్మడికాయ! అగో!"

చెయ్యంత చాపి, చెయ్యి కొసకు వేలంత చాపి.

పెరటి గడపలో కూర్చొని చిక్కుడుకాయలు తుంచుతున్న అత్తమ్మ అదిరిపడ్డది.

"అగ బాయీ! వేలు దించే పోరీ! దించు! కొరుక్కో... ఐదూ కొరుక్కో!"

పిల్ల గాబరాపడి కొరుక్కున్నది. ఒక వేలు మరిచిపోయి రెండుసార్లు లెక్కబెట్టుకున్నది.

మూడోనాటికి పిందె పసుపు తిరిగింది. నాలుగోనాటికి మెత్తబడ్డది. ఐదోనాడు కాడ దగ్గర తెగి మట్టిలో పడ్డది, ముక్కు చీదుకున్న గుడ్డ తీరు.

రెండో పిందె కూడా అంతే.

"నేను చూపెట్టలే బాపమ్మా. ఒట్టు."

"నిద్రల చూపెట్టినవో ఏమో, బిడ్డా."

అత్తమ్మ తిట్టలే. ప్రేమగానే అన్నది. ఆమెకు మనవరాలంటే పాణం. కోపం ఆ వేలు మీదనే, పిల్ల మీద కాదు. ఆ వేలు ఆ పిల్లదేనన్న సంగతి ఆమెకు తట్టలే.

మూడో పిందె. నాలుగో పిందె.

నాలుగోది రాలిననాడు పొద్దుటినుంచి వాన. బట్టలు ఆరలే, గ్యాసు అయిపోయింది, పిల్లలిద్దరూ మట్టికాళ్లతో ఇల్లంత తిరిగిన్రు. నేను నా తీరున ఒక మాట విసిరిన.

"నీ వేలు కరెంటు తీగ లెక్కనే ఉన్నదే! జర తోటకు దూరం ఉండరాదు?"

అందరం నవ్వినం. మా ఆయన నవ్విండు. ప్రణయ్ అర్థం కాకున్నా గట్టిగ నవ్విండు.

రుచిత నవ్వలే.

నాకు పరిహాసం అలవాటు. నోట్లో ఉప్పు తీరు ఉంటది. ఎక్కడ ఎంత పడ్డదో చూసుకోను.

మర్నాడు ఆ పిల్ల చూపుడు వేలుకు రిబ్బన్ చుట్టుకొని వచ్చింది. బడి రిబ్బన్. ఎర్రది. గట్టిగ, ముడి మీద ముడి.

"ఏమైందే?"

"ఏం కాలే."

ఆ వేలు మడిచిపెట్టి అన్నం తిన్నది. బొటనవేలు, నడిమి వేలు నడుమ పెన్సిల్ పట్టుకొని రాసింది. అక్షరాలు వానకు తడిసిన చీమల తీరు ఎటు పడితే అటు పోయినయి. వారం తర్వాత బడి డైరీలో టీచరు రాసి పంపింది — జవాబులు తెలిసినా చెయ్యి ఎత్తడం లేదు, గమనించగలరు.

చెయ్యి ఎత్తితే కిటికీ అవతల బడివాళ్ల జామచెట్టు ఉన్నదట.

దానికి పిందెలు ఉన్నయట.

తోటలోకి రాలే. గడప మీద నిలబడి చూసేది. తమ్ముడు వెనక్కు తిరిగి అరిచేటోడు — "అక్కా, నా కొత్తిమీర దిక్కు చూడకు!" — రుచిత కండ్లు మూసుకునేది.

నేను మడిలో కూర్చొని గడ్డి పీకుతున్న. మట్టి చల్లగ ఉన్నది. ఎడమ పక్క తమ్ముడు వానపామును బడికి తయారుచేస్తుండు. కుడి పక్క రోజూ ఒక చిన్న ఒళ్లు కూర్చునే జాగ... ఖాళీ.

అప్పుడు కొంచెం భయమైంది.

రాఖీకి కరీంనగర్ పోయినం. నేను, పిల్లలు. మా అన్న కరుణాకర్ ఇంటికి ఏటా పోత. పోయేముందు అత్తమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"తొవ్వలనే కదా. కొండగట్టుకాడ దిగి పిల్లతోటి దండం పెట్టియ్యి. దిష్టి అయితే పోతది."

ఫికర్ ఆమెకూ ఉన్నది. ముఖం చూస్తే తెలుస్తనే ఉన్నది.

దిగినం. మెట్లెక్కినం. కోతులు ప్రణయ్ చేతిలోని కొబ్బరి ముక్కతో పాటు వాని ధైర్యం కూడా ఎత్తుకపోయినయి. వరుసలో నిలబడి అంజన్న ముందుకు వచ్చినం. రుచిత దండం పెట్టింది.

చేతులు జోడించలే. రెండు పిడికిళ్లు దగ్గర పెట్టింది.

బస్సులో కిటికీ దిక్కు తిరిగి మెల్లగ అన్నది.

"వేళ్లు దాచిపెట్టే మొక్కిన అమ్మా. దేవునికి ఏం కాదు కదా?"

జగిత్యాల తొవ్వ. పక్కన వరి. వరి మీద గాలి.

రాఖీనాడు తమ్ముని చేతికి పళ్లతో ముడి వేసింది. ఆ వేలు వానికి తగలకుండ.

ఐదు రోజులు ఉన్నం.

తిరిగొచ్చేసరికి అత్తమ్మ వాకిట్లో ఉన్నది. మోకాళ్లు మరిచిపోయి ఎదురొచ్చింది. పెరటి గడప దాక నన్ను గుంజుకపోయింది. గడ్డం ఎత్తింది.

దండెం కింద ఒకటి. ఇటుకల పక్కన ఒకటి. గోడ మూల ఒకటి.

నిమ్మకాయంత. కోడిగుడ్డంత. ఇంకొకటి ప్రణయ్ పిడికిలంత. నున్నగ, పచ్చగ, చారలు చారలుగ. నిలిచినయి.

"మూడు కాయలు! పిల్ల ఊర్ల లేని ఐదొద్దులల్ల మూడు నిలిచినయి మధూ! నేను చెప్తే నవ్వుతవు!"

ఆ సంతోషంలో ఏ పాపమూ లేదు.

వెనక రుచిత నిలబడి ఉన్నది. భుజానికి సంచి అట్లనే ఉన్నది. మూడు కాయలను చూసింది. ఒక్కొక్కదాన్ని. తర్వాత తన చెయ్యి చూసుకున్నది.

నేరం రుజువైతే మనిషి ముఖం అట్లుంటదా? నేను ఎన్నడూ చూడలే. ఎనిమిదేండ్ల పిల్ల ముఖంలో చూడాల్సి వచ్చింది.

అన్నం తినేటప్పుడు అడిగింది.

"అమ్మా, నేను మామయ్య ఇంట్లనే ఉండి చదువుకుంట. మామయ్య వాళ్లకు తోట లేదు."

ముద్ద నా చేతిలో ఆగింది.

"ఎందుకే?"

"ఊకనే."

ఊకనే. ఆ మాట మా ఇంట్లో ఆడోళ్లు ఎప్పుడు అంటరో నాకు తెలుసు.

మర్నాడు ప్రయాణం బడలికకు లేచేసరికి తెల్లారింది. పళ్లెం పట్టుకొని దిగిన.

ఐదు రోజులు ఎవరూ ముట్టని తీగ. పసుపే పసుపు. ఆకుల కింద, ఆకుల మీద, దండెం పొడుగునా. చలి చలిగ ఉన్నది. మొదటి పువ్వు కాడ పట్టుకున్న.

లోపల తేనెటీగ.

ఒళ్లంత పసుపు పొడి పూసుకొని, పెండ్లి పిల్ల తీరు. నా చెయ్యి చూసి విసుక్కున్నది. బయటికొచ్చింది. పక్క పువ్వు మీద వాలింది. ఆ పువ్వు కింద పిందె ఉన్నది.

పసుపు పొడి అక్కడ దులిపింది.

నా చెయ్యి కాడ మీదనే ఉన్నది.

బాటనీ నా చదువు. కరీంనగర్‌లో, మూడేండ్లు. ఈ పువ్వునే బ్లేడుతో నిలువున కోసి, రికార్డులో బొమ్మ గీసిన. ఎడమ పక్క మగ పువ్వు, కుడి పక్క ఆడ పువ్వు. నడుమ బాణం గుర్తు. పెన్సిల్ ఎంత సన్నగ చెక్కిననో మేడం అందరికీ చూపెట్టింది. మగ పువ్వు పుప్పొడి అందకుంటే పిందె పసుపు తిరిగి రాలిపోతదని, అందమైన చేతిరాతతో, కింద గీత కొట్టి మరీ రాసిన.

గీత కొట్టిన చెయ్యే.

పొద్దున పొద్దున, ఒక్కటి విడువకుండ, తేనెటీగ లేవకముందే...

మేము పోయినంక ఇంట్లో ఏం మారింది? రుచిత లేదు. నిజమే.

నేను కూడా లేను.

ఉత్త పూలు! పద్నాలుగేండ్లు ఒక గడ్డాన్ని చూసి నవ్వుకున్న. నవ్వేదానికి డిగ్రీ ఉన్నది. తెంపేదానికి మాత్రం లేకపాయె.

లోపలి నుంచి గంట చప్పుడు. అత్తమ్మ గొంతు.

"మధూ... పూలేవి?"

అప్పుడే చెప్పొచ్చు. రెండు ముక్కలు.

"పూయలే అత్తమ్మా ఇయ్యాల."

అట్లన్న. చుట్టూ పసుపు వెలుగులో నిలబడి, ఖాళీ పళ్లెం పట్టుకొని.

ఎందుకంటే... ఎందుకో నాకు తెలుసు. ఈ ఇంట్లో అత్తమ్మ ఏ మాట మీద ఓడిపోతదో చూద్దామని పద్నాలుగేండ్లు ఎదురు చూసిన. అన్ని ఏండ్లకు ఒక పువ్వు ముందు ఓడింది నేనేనని ఒప్పుకోవాలంటే నోరు రాలే. కాయలు వాటంతట అవే కాస్తయి, పిల్ల చూస్తది, మరిచిపోతది, ఎవరికీ ఏమీ చెప్పకుండ అంతా సర్దుకుంటది అనుకున్న.

రెండోనాడు కూడా పూయలే అన్న. మూడోనాడు కూడా.

తీగ నిండ పిందెలు నిలబడుతున్నయి. ఐదు. ఏడు. ప్రణయ్ రోజూ గడప దాక ఉరికి వచ్చి అక్కకు లెక్క చెప్తుండు.

రుచిత గడప దాక కూడా వస్తలేదు. ముందింట్లో కూర్చొని, ఆ లెక్క వింటున్నది. విని, తలూపుతున్నది.

అప్పుడు గాని నాకు సమజ్ కాలే. నేను ఊకుండుడుతోటి కాసే ప్రతి కాయా ఆ పిల్ల మీద సాక్ష్యం చెప్తున్నది. రుచిత దూరం ఉన్నది — కాసింది. ఇంకా దూరం ఉన్నది — ఇంకా కాసింది.

నాలుగోనాడు ఆదివారం. పొద్దున్నే నా ఫోన్ పట్టుకొని వంటింట్లోకి వచ్చింది. ఎర్ర రిబ్బన్ మాసి నల్లబడ్డది. కింద వేలు ఎట్లున్నదో చూడక ఎన్ని రోజులైందో.

"మామయ్యకు కలపవా అమ్మా. నేను అడుగుత. పుస్తకాలు సర్దుకున్న."

మంచం కింద చూసిన. సర్దింది. పుస్తకాలు, రెండు గౌన్లు, దువ్వెన. తాను ఒకటి పెట్టంగ మిగిలిన గుమ్మడి గింజల ప్యాకెట్ మాత్రం తమ్ముని దిండు కింద పెట్టింది, వానికని.

అత్తమ్మ గడప దగ్గర పెసర్లు చెరుగుతున్నది. చాట ఆగింది.

"ఎక్కడికే?" అన్నది.

స్టవ్ మీద పాలు. కిటికీలో వెలుతురు. ఫోన్ పిల్ల చేతిలో, పిల్ల నా ముందర. నేను కింద కూర్చున్న, ఎత్తు సమం అయ్యేట్టు.

"నీ వేలు కాదు రుచితా."

చూస్తున్నది. నమ్ముతలేదు. పెద్దోళ్లు సముదాయించేటప్పుడు ఇట్లనే కూర్చుంటరని దానికి తెలుసు.

"పూలు. రోజూ పొద్దున పూలు తెంపింది నేను. ఆ ఉత్త పూలల్ల ఉండే పసుపు పొడి, తేనెటీగ తీసుకపోయి పిందె పువ్వుకు పెట్టాలె. అప్పుడే కాయ నిలుస్తది. నేను ఒక్క పువ్వు మిగిలియ్యలే. అందుకే రాలినయి. కరీంనగర్ పోయినప్పుడు ఎవరూ తెంపలే. అందుకే కాసింది. నువ్వు లేకపోతే కాదు. నేను లేకపోతే."

చాటలో పెసర్లు ఒకవైపు జారినయి.

"అయితే మొన్నటిసంది పూలు పూస్తలేవంటివి?" అత్తమ్మ అన్నది.

ఆమెకు మోకాళ్లే నొప్పి. చెవులు కాదు. బుర్ర అసలే కాదు.

"పూసినయి అత్తమ్మా. అబద్ధం చెప్పిన."

"నాతోటా?"

"మీతోటి."

ఆమె ఏమైనా అంటదేమో అనుకున్న. పద్నాలుగేండ్లకు సరిపడ అనొచ్చు, ఇంత మంచి అవకాశం మళ్లీ రాదు. అనలే. మనవరాలి చేతి దిక్కు చూస్తున్నది. ఆ రిబ్బన్ దిక్కు.

పాలు పొంగుతున్నయి. ఎవరూ లేవలే.

రుచిత ఫోన్ కింద పెట్టింది.

"నాకు తెల్వదు. నీకు తెలుసు కదా?"

"తెలుసు."

"ఎప్పటిసంది?"

"నాలుగొద్దులు."

"నాలుగొద్దులు..." వేళ్ల మీద లెక్కబెట్టుకోబోయి ఆగింది. "మరి నాకెందుకు చెప్పలే?"

ఏదో ఒక పరిహాసం నోటి దాక వచ్చింది. అలవాటు. మింగిన.

"సిగ్గయి," అన్న. "పూలు తెంపుడు తెల్వక చేసిన బిడ్డా. చెప్పకపోవుడు తెలిసే చేసిన. తప్పు చేసిన."